ఫ్రీజర్ వంట: ముందుగా వండి దాచుకునే రాత్రి భోజనం

తీరిక దొరికిన పూట నాలుగైదు పూటలకు సరిపడా వండి, చల్లార్చి, పూటకొక పొట్లంగా గడ్డకట్టించి, అవసరమైన సాయంత్రం వేడిచేసుకుని తినే పద్ధతిని ఫ్రీజర్ వంట అంటారు. ఇందులో పూర్తిగా వండిన కూరలే ఉండాలని లేదు. ఉడికించి మెదిపిన పప్పు, వేయించి రుబ్బిన ఉల్లి మసాలా, ఉప్పూ కారం పట్టించిన పచ్చి కోడిమాంసం, సగం కాల్చిన చపాతీ కూడా దీని కిందికే వస్తాయి. దుకాణాల్లో దొరికే ఫ్రోజెన్ ఆహారానికీ దీనికీ సూత్రం ఒకటే, వేగంలోనే తేడా. కర్మాగారంలో నిమిషాల్లో గడ్డకట్టే పొట్లం ఇంటి ఫ్రీజర్‌లో గంటలు తీసుకుంటుంది. ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తల్లో చాలాభాగం ఈ ఆలస్యం వల్ల వచ్చే నష్టాన్ని తగ్గించడానికే.

పుట్టుక, వ్యాప్తి

చలిదేశాల్లో మాంసాన్ని, చేపల్ని మంచులో దాచడం చాలా పాతకాలపు అలవాటు. దాన్ని పరిశ్రమగా మలచినవాడు అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ (1886–1956). 1912లో ఆయన నేటి కెనడాలోని లాబ్రడార్ ప్రాంతానికి వెళ్లి అక్కడ కొన్నేళ్లు ఉన్నాడు. గడ్డకట్టిన నీటి అడుగునుంచి పైకి లాగిన చేప ఆ చలిగాలికి చూస్తూండగానే కట్టెలా బిగుసుకుపోవడం, నెలల తర్వాత కరిగించి వండినా తాజా రుచి ఇవ్వడం అక్కడి ఇన్యూట్ ప్రజల దగ్గర గమనించాడు. అదే చేప నిదానంగా గడ్డకడితే ఆ రుచి రాదు. రహస్యం చలిలో కన్నా వేగంలో ఉందని ఆయన గ్రహించాడు. 1920లలో రెండు చల్లని లోహపు పలకల మధ్య పొట్లాన్ని నొక్కిపెట్టి గడ్డకట్టించే యంత్రం తయారుచేశాడు. 1929లో ఆ వ్యాపారం 2 కోట్ల 20 లక్షల డాలర్లకు చేతులు మారింది. 1930 మార్చి 6న మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో ఆ సరుకు మొదటిసారి జనానికి అమ్మకానికి వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా ఇళ్లలోకి విడి ఫ్రీజర్లు వచ్చాయి. 1954 నాటికి స్వాన్సన్ కంపెనీ గదులుగా విడదీసిన అల్యూమినియం పళ్లెంలో టర్కీ కోడిమాంసం, బఠాణీలు, చిలగడదుంపలు సర్ది ‘టీవీ డిన్నర్’ పేరుతో దేశమంతటా అమ్మింది. దీనితో వంటే అక్కర్లేకుండా పోయింది. ఇంటి ఫ్రీజర్ వంటది అందుకు ఎదురు దారి: వంట ఇంటిదే, వేళ మాత్రం మారుతుంది. 1967లో అమానా కంపెనీ వంటగట్టు మీద పట్టే మైక్రోవేవ్ ఓవెన్‌ను తెచ్చాక గడ్డకట్టిన కూరను నిమిషాల్లో వేడిచేసుకునే వీలు కలిగింది. 1980లలో మిమి విల్సన్, మేరీ బెత్ లాగర్‌బోర్గ్ అనే ఇద్దరు రచయిత్రులు నెలకోసారి వండి నెలంతా తినే పద్ధతిని ‘వన్స్ ఎ మంత్ కుకింగ్’ అన్న పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. 2002లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైన డ్రీమ్ డిన్నర్స్ మరో అడుగు వేసింది. తరిగిన కూరగాయలు, మసాలాలు సిద్ధంగా ఉన్న దుకాణానికి వెళ్లి, పది పన్నెండు పూటల సరుకు సర్దుకుని, ఇంటికి తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టుకునే ఏర్పాటు అది.

ఈ పద్ధతి అమెరికాలో అంత సులువుగా కుదురుకోవడానికి అక్కడి భోజనం తీరు తోడ్పడింది. క్యాసరోల్, లసాన్యా, స్టూ వంటివి ఒక్క పాత్రతో పూట గడిపే వంటలు. పాత్ర పాత్రగా గడ్డకట్టించి, పాత్ర పాత్రగా ఓవెన్‌లోకి నెట్టవచ్చు. తెలుగువారి విస్తరి అలాంటిది కాదు. పప్పు, వేపుడు, పులుసు లేదా చారు, పచ్చడి, పెరుగు దేనికది వేరు. వీటిలో సగం ఫ్రీజర్‌కు లొంగవు. అందువల్ల అమెరికన్ పుస్తకాల్లోని నెలవారీ పట్టికను యథాతథంగా దించుకున్న తెలుగు ఇల్లాలికైనా ఇంటాయనకైనా మొదటి నెలలోనే విసుగు పుడుతుంది. తెలుగు వంటింట్లో ఫ్రీజర్‌కు అప్పజెప్పవలసింది వంటలో ఎక్కువ సమయం మింగే భాగాన్ని మాత్రమే. తాలింపు, కొత్తిమీర, కొబ్బరికోరు, చివరి ఉప్పుకారాలు వడ్డించే పూటకే మిగలాలి.

భారతదేశంలో గోద్రెజ్ కంపెనీ 1958లో రిఫ్రిజిరేటర్ల తయారీ మొదలుపెట్టింది. అయినా చాలాకాలం మన ఫ్రిజ్‌లలో పై అర ఐసుముక్కలకే పరిమితం. మదర్ డెయిరీ వారి సఫల్ సంస్థ 1988లో మొదలయ్యాక గడ్డకట్టిన బఠాణీలు పట్టణాల్లో మామూలు సరుకయ్యాయి. దానికి ఎన్నో తరాల ముందునుంచే తెలుగు ఇళ్లలో నిల్వ వంట పెద్ద విద్య. ఆవకాయ, మాగాయ, వడియాలు, ఒరుగులు, చల్లమిరపకాయలు అన్నీ వేసవిలో శ్రమపడి ఏడాదంతా తినేవే. ఉప్పు, ఎండ అక్కడ చేసే పని సూక్ష్మజీవులకు నీరు అందకుండా చూడడం. ఫ్రీజర్ చేసేదీ అదే. నీటిని బయటికి పంపకుండా, ఉన్నచోటే మంచుగా బిగించేస్తుంది. ఉప్పు ఎక్కువ, నూనె ఎక్కువ అన్న ఇబ్బంది లేకపోవడం దాని లాభం. కరెంటు మీద ఆధారపడడం దాని బలహీనత.

గడ్డకట్టేటప్పుడు జరిగేది

కూరలో, మాంసంలో, కాయగూరలో అధికభాగం నీరే. నీరు మంచుగా మారితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. నిండా పోసి మూత బిగించిన గాజుసీసా ఫ్రీజర్‌లో పగలడానికి కారణం ఇదే. సున్నా నుంచి మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ మధ్యలో మంచు స్ఫటికాలు ఎక్కువగా ఏర్పడతాయి. ఈ మెట్టు త్వరగా దాటితే స్ఫటికాలు సన్నగా, లెక్కకు మించి ఏర్పడతాయి. నిదానంగా దాటితే కొద్దిపాటి పెద్ద స్ఫటికాలు పెరిగి కణాల గోడల్ని చీలుస్తాయి. కరిగించిన బీరకాయ ముక్క గుజ్జయిపోవడం, మాంసం చుట్టూ నీరు ఊరడం ఆ చీలికల ఫలితమే.

పైగా మంచు కట్టడం ఖర్చుతో కూడిన పని. గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడడానికి ఒక క్యాలరీ వేడి వదిలితే చాలు. సున్నా డిగ్రీల దగ్గర అదే గ్రాము మంచుగా మారడానికి 80 క్యాలరీలు వదలాలి. మూడు కిలోల సాంబారు గిన్నెను ఒక్కసారిగా ఫ్రీజర్‌లో దించితే ఆ వేడంతా బయటికి లాగేసరికి పక్కనున్న పాత పొట్లాలు మెత్తబడతాయి, గిన్నె నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది. పొట్లం మందం రెట్టింపయితే గడ్డకట్టే సమయం రెట్టింపు కన్నా ఎక్కువే పెరుగుతుంది. కాబట్టి ఇంట్లో బర్డ్స్‌ఐ యంత్రానికి దగ్గరగా వెళ్లగల ఉపాయం ఒక్కటే: అంగుళం మందం మించకుండా పలచగా పరచి గడ్డకట్టించడం.

ఫ్రీజర్ సూక్ష్మజీవుల్ని చంపదు, నిద్రపుచ్చుతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర అవి పెరగవు, కరిగాక లేచి ఆపిన చోటునుంచి మొదలుపెడతాయి. ఆహారంలోని ఎంజైములు పూర్తిగా నిద్రపోవు కూడా. పచ్చి బఠాణీ, బీన్స్ ముక్కలు అలాగే పెట్టేస్తే వాటి రంగు, రుచి నెమ్మదిగా చెడేది వీటి వల్లే. మరిగే నీటిలో బఠాణీలను నిమిషంన్నర, బీన్స్‌ను మూడు నిమిషాలు ముంచి, వెంటనే ఐసునీళ్లలో వేసి ఆరబెడితే ఎంజైముల పని ఆగిపోతుంది. కొవ్వుకు గాలి తగిలి కమురు వాసన రావడమూ చలికి తగ్గుతుందే గాని ఆగదు. పులస వంటి కొవ్వు చేప రెండు మూడు నెలలకు మించి రుచిగా నిలవదు. కొవ్వు తక్కువున్న చేప ఆరు నెలల దాకా ఉంటుంది.

మాంసం మీద, చపాతీ అంచుల్లో కనిపించే తెల్లటి ఎండు మచ్చలు కుళ్లు కావు. పొట్లంలో గాలి మిగిలినచోట మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోవడంతో పడిన పొడి మచ్చలవి. తింటే హాని లేదు, రుచీ లేదు. నో ఫ్రాస్ట్ ఫ్రిజ్‌లలో పేరుకున్న మంచును కరిగించడానికి లోపలి హీటరు అప్పుడప్పుడూ పనిచేస్తుంటుంది గనుక గాలి చొరబడే పొట్లాలకు ఈ ఎండుదల త్వరగా వస్తుంది.

అన్నం విషయంలో చాలామంది అనుభవం తలకిందులుగా ఉంటుంది. ఫ్రిజ్ కింది అరలో పెట్టిన అన్నం మర్నాటికి రవ్వలా గట్టిపడుతుంది. అదే ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే వండిన రోజు మెత్తదనానికి దగ్గరగా ఉంటుంది. ఉడికిన పిండిపదార్థం మళ్లీ బిగుసుకునే వేగం 4 డిగ్రీల చుట్టుపక్కల ఎక్కువ. గడ్డకట్టాక ఆ మార్పు దాదాపు ఆగిపోతుంది. మిగిలిన అన్నాన్ని రేపటికైతే ఫ్రిజ్‌లో, వారానికైతే ఫ్రీజర్‌లో పెట్టడం సరైన పద్ధతి.

ఫ్రీజర్ ఎంత చల్లగా ఉండాలి

మైనస్ 18 డిగ్రీలు ప్రపంచమంతటా ఒప్పుకున్న ప్రమాణం. ఫ్రీజర్ అర తలుపు మీద ముద్రించిన నక్షత్రాలు దీన్నే చెబుతాయి: ఒకటి ఉంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18. నాలుగు నక్షత్రాలుంటే ఆ చలిలో నిల్వ ఉంచడమే కాక, కొత్తగా పెట్టిన పదార్థాన్ని గడ్డకట్టించే సత్తువ కూడా ఉందని అర్థం. భారతదేశంలో ఫ్రిజ్ ముందు భాగాన అంటించే విద్యుత్ పొదుపు నక్షత్రాలు వేరు. ఐదు నక్షత్రాల ఫ్రిజ్ అంటే కరెంటు తక్కువ తాగేదని మాత్రమే. ఒకే తలుపున్న ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న అర చాలాసార్లు ఐసుముక్కలకే చాలినంత చల్లగా ఉంటుంది. అందులో కూరలు నెలల తరబడి దాచాలనుకోవడం అత్యాశ. రెండు వారాల్లో వాడేసుకోవడం మేలు. వంద రెండువందల రూపాయల్లో దొరికే ఫ్రీజర్ థర్మామీటరు ఈ సందేహాన్ని తీరుస్తుంది.

ఏవి నిలుస్తాయి, ఏవి నిలవవు

పప్పు ఫ్రీజర్‌కు ఇష్టుడు. కందిపప్పు, పెసరపప్పు, శనగలు, రాజ్మా ఉడికాక గడ్డకట్టించి కరిగిస్తే తేడా పట్టడం కష్టం. పాలకూర పప్పు, తోటకూర పప్పు, టమాటా పప్పు అలాగే నిలుస్తాయి. దోసకాయ పప్పులో ముక్క నీరుకారి చప్పబడుతుంది. పప్పును విడిగా దాచి ముక్కను ఆ పూట ఉడికించి కలపాలి. సాంబారుదీ ఇదే సూత్రం. పప్పు, చింతపండు రసం, సాంబారు పొడి కలిపిన చిక్కని ముద్ద దాచుకోవచ్చు. ముల్లంగి, బెండకాయ, ఆనపకాయ ముక్కల్ని దాచకూడదు. చారును గడ్డకట్టించడమంటే నీళ్లను ఫ్రీజర్‌లో అద్దెకు పెట్టడం. పది నిమిషాల్లో కాగే దానికి అంత చోటు దండగ.

గోంగూరను ఉడికించి పచ్చిమిర్చితో మెదిపి దాచితే, తీసినప్పుడు మాంసంలోకో పప్పులోకో పచ్చడిలోకో ఎటైనా మళ్లుతుంది. దాని పులుపు, గుజ్జు స్వభావం రెండూ ఫ్రీజర్‌కు నప్పుతాయి. పులిహోరకు అన్నం కలిపి దాచనక్కర్లేదు. ఉడికించిన చింతపండు పులుసు దాచుకుంటే చాలు. బొబ్బట్ల పూర్ణం, చేసిన బొబ్బట్లు రెండూ నిలుస్తాయి. ఉడికించిన ఇడ్లీలు తేమ తగలకుండా ఒక్కొక్కటి విడిగా గడ్డకట్టించి, తీసినవాటిని కరిగించకుండానే ఆవిరిమీద పెడితే మెత్తగా వస్తాయి. ఇడ్లీపిండిని పులిశాక దాచవచ్చు, కానీ పొంగు తగ్గుతుంది గనుక దాన్ని దోసెలకు, ఊతప్పాలకు వాడుకోవడం తెలివి.

మాంసం కూరలు, కోడికూర, ఖీమా రెండు మూడు నెలలు బాగుంటాయి. వాటిలో బంగాళాదుంప వేయకుండా ఉంటే చాలు. బంగాళాదుంప గడ్డకట్టి కరిగాక లోపల స్పాంజిలా, ఇసుకలా అవుతుంది. కోడిగుడ్ల కూరకు పులుసును దాచి, గుడ్లను వడ్డించే రోజు ఉడికించాలి, లేదంటే తెల్లసొన రబ్బరవుతుంది. పెరుగు, మజ్జిగ పులుసు, మీగడ వేసిన గ్రేవీ విరుగుతాయి. కొబ్బరిపాల కూర విరిగినట్టు కనిపించినా వేడిచేస్తూ గరిటెతో కలిపితే చాలావరకు కలుస్తుంది. చేపల పులుసు రుచి చెడదు గాని ముక్క పొరలు పొరలుగా విడిపోతుంది. ఏ వేపుడూ పనికిరాదు. కరకరలాడడం నీరు లేకపోవడం వల్ల వచ్చే గుణం, ఫ్రీజర్ దాన్ని మొదట తీసేస్తుంది. వేయించకముందు సమోసాలు, కబాబులు మాత్రం పచ్చిగా గడ్డకట్టించి నేరుగా నూనెలో వేసుకోవచ్చు. హైదరాబాదులో రంజాన్ నెలకు ముందు ఇఫ్తార్ కోసం లుఖ్మీలు, సమోసాలు, షామీ కబాబులు చేసి ఫ్రీజర్ నింపుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఉపవాసంతో అలసిన సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడే సమయం అలా తగ్గుతుంది.

మసాలాల ప్రవర్తన తెలిసి ఉండడం మంచిది. వెల్లుల్లి, మిరియం, లవంగం నిల్వలో ఘాటెక్కి ఒక్కోసారి చేదు తిరుగుతాయి. ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుంది. దాచే కూరలో మసాలా కాస్త వెనక్కి పట్టి, వేడిచేసేటప్పుడు సరిచూసుకోవడం పాత వంటవాళ్ల తూకానికి దగ్గరగా ఉంటుంది.

ఒక విడత తయారీ

నలుగురున్న ఇంట్లో ఆదివారం ఉదయం చేయగల చిన్న విడతను ఉదాహరణగా తీసుకోవచ్చు. అరకిలో కందిపప్పు కడిగి, పసుపు, చుక్క నూనె వేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తారు. నీళ్లు మామూలు కన్నా తక్కువ పోస్తారు. నీళ్లు తర్వాతైనా కలపవచ్చు, ఫ్రీజర్‌లో చోటు కలపలేం. పక్కపొయ్యి మీద కిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, వెడల్పాటి మూకుడులో ఎర్రబడేదాకా వేయిస్తారు. ఇది అరగంటకు పైగా పట్టే పని. రోజూ సాయంత్రం వంటను సాగదీసేదీ ఇదే. దానిలో అల్లంవెల్లుల్లి ముద్ద, అరకిలో టమాటాలు, ధనియాల పొడి వేసి నూనె పైకి తేలేవరకు మగ్గిస్తే నాలుగైదు కూరలకు చాలే మసాలా తయారవుతుంది. పప్పు మూడు నాలుగు పూటలకు వస్తుంది.

అసలు నైపుణ్యం ఇక్కడినుంచి మొదలవుతుంది. 60 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దిగే దారిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండినదాన్ని రెండు గంటల్లో చల్లని చోటికి చేర్చాలన్నది ప్రామాణిక సూచన. చుట్టూ ఉన్న గాలి 32 డిగ్రీలు దాటితే గడువు గంటే. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో వంటగది ఉదయం పదికే ఆ గీత దాటుతుంది. మూతపెట్టి గట్టు మీద వదిలేస్తే లోతైన గిన్నె నడుమ పప్పు మధ్యాహ్నానికీ వేడిగానే ఉంటుంది. పప్పును అంచున్న పళ్లేల్లోకి 5 సెంటీమీటర్ల లోతు మించకుండా వంచి, ఆ పళ్లేలను ఐసు వేసిన నీళ్ల తొట్టిలో నిలిపి, గరిటెతో తిప్పుతూ ఉంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో వేడి విరుగుతుంది. తర్వాత ఫ్రిజ్ కింది అరలో పూర్తిగా చల్లబరచి, జిప్ కవర్లలో పోసి, అరచేత్తో నొక్కి గాలి తీసి, పళ్లెం మీద పలకలా పరచి ఫ్రీజర్‌లోకి పంపుతారు. మర్నాటికి గట్టిపడిన పలకల్ని పుస్తకాల్లా నిలబెట్టి సర్దుకోవచ్చు.

ప్రతి పొట్లం మీదా పదార్థం పేరు, తేదీ, ఎందరికన్నది రాయాలి. గడ్డకట్టాక సాంబారు ముద్ద, కోడి గ్రేవీ, చింతపండు పులుసు ఒకే గోధుమరంగులో ఉంటాయి. శాకాహారం, మాంసాహారం రెండూ వండే ఇంట్లో ఈ గందరగోళం చిన్నది కాదు. అతికించిన కాగితం తేమకు ఊడిపోతుంది గనుక కవరు మీద మార్కర్‌తో నింపకముందే రాయడం మంచిది. పాతవి ముందు వరసలోకి, కొత్తవి వెనక్కి వెళ్లాలి.

డబ్బాల సంగతి క్లుప్తంగా. స్టీలు డబ్బా ఫ్రీజర్‌కు మంచిదే, మైక్రోవేవ్‌కు పనికిరాదు. గాజును ఫ్రీజర్‌నుంచి నేరుగా వేడినీళ్లలో పెడితే పగులుతుంది. అల్యూమినియం గిన్నెల్లో, రేకుల్లో చింతపండు, టమాటా, గోంగూర నిల్వ ఉంచకూడదు. పులుపు లోహాన్ని తింటుంది. ఐస్‌క్రీం తిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో కూర దాచడం మన ఇళ్లలో మామూలే. చల్లటి కూరకు అవి చాలు, వేడి కూర పోయడానికి, మైక్రోవేవ్‌లో పెట్టడానికి మాత్రం అవి తయారుకాలేదు. ఏ డబ్బాలోనైనా పైన వేలెడు ఖాళీ వదలాలి.

కరిగించడం, వేడిచేయడం

రాత్రి తినదలచిన పొట్లాన్ని ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించడం అన్నిటికన్నా భద్రమైన దారి. మరచిపోతే పొట్లాన్ని నీరు చొరబడకుండా కట్టి చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి. పలచటి పలకైతే అలా గంటలోపే కరుగుతుంది. పప్పు, గ్రేవీ వంటివి కరిగించకుండానే కాసిని నీళ్లతో మూకుడులో వేసి సన్నని సెగ మీద పెట్టవచ్చు. పొద్దున్నే గట్టు మీద పెట్టి ఆఫీసుకు వెళ్లిపోవడం చేయకూడని పని. పైన కరిగి వేడెక్కిన పొర లోపలి మంచు కోసం సాయంత్రం దాకా వేచి ఉంటుంది, సూక్ష్మజీవులు వేచి ఉండవు.

వేడిచేసినప్పుడు మధ్యభాగం 74 డిగ్రీలు చేరాలి. థర్మామీటరు లేనిచోట నడిమిదాకా బుడబుడ ఉడికి పొగలు రావడం గుర్తు. మైక్రోవేవ్‌లో అంచు కాలి నడుమ చల్లగా మిగిలిపోతుంది గనుక మధ్యలో తీసి కలిపి మళ్లీ పెట్టాలి. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడుకును తట్టుకుని మిగులుతాయి; గది వేడిలో అన్నం గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విడిచే విషాల్లో ఒకటి మళ్లీ వేడిచేసినా నశించదు. అన్నం విషయంలో తర్వాత వేడిచేయడం కన్నా ముందు త్వరగా చల్లార్చడమే ముఖ్యం.

తాలింపు ఆఖరున వేయాలి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ నూనెలో చిటపటలాడి పప్పులో పడ్డాక అది నిన్నటి పప్పని చెప్పడం కష్టం.

ఎవరికి, ఎప్పుడు

ఈ పద్ధతిని తెలుగువారిలో ఎక్కువగా పట్టించుకున్నది అమెరికాలోని కుటుంబాలు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు, ఇంటిపనికి మనిషి దొరకని ఊరు, పెద్ద ఫ్రీజర్, నిలకడైన కరెంటు అన్నీ అక్కడ కలిసి వచ్చాయి. న్యూజెర్సీలో 1977లో మొదలైన డీప్ ఫుడ్స్ వంటి భారతీయ సంస్థల సరుకుతో కొబ్బరికోరు, మునక్కాడ ముక్కలు, బెండకాయలు, పరోటాలు ఫ్రోజెన్ అరల్లో చేరాయి. కూతురి పురుడుకు వెళ్లిన అమ్మలు తిరుగు విమానం ఎక్కేముందు రోజుల తరబడి వండి ఫ్రీజర్ నింపి రావడం అక్కడి ఇళ్లలో పరిపాటి. పొట్లాల మీద అమ్మ చేతిరాతతో పేర్లుంటాయి.

ఖర్చు కోణంలోనూ ఫ్రీజర్‌కు చోటుంది. మదనపల్లె మార్కెట్లో టమాటా ధర ఒక నెల రైతు కన్నీరు పెట్టేంతగా పడిపోయి, మరో నెల కొనేవాడు వెనకాడేంతగా పెరగడం తరచూ జరిగేదే. ధర పడినప్పుడు కొని ఉడికించి గుజ్జుగా దాచినవారికి ఆ తేడా మిగులుతుంది. చలికాలపు బఠాణీలు, వేసవి మామిడిగుజ్జు కూడా అంతే.

శ్రమ లెక్క మాత్రం నిజాయితీగా వేసుకోవాలి. ఒకేసారి తరగడం, ఒకేసారి గిన్నెలు తోమడం వల్ల కొంత పని తగ్గుతుంది. మిగిలిన పని ఎక్కడికీ పోదు, వారం మధ్యనుంచి ఆదివారానికి జరుగుతుంది. ఆ ఆదివారం ఇల్లాలి ఒక్కదానిదే అయితే ఫ్రీజర్ వంట ఆమె సెలవును మింగే మరో చాకిరీ. ఉల్లిపాయలు తరిగేవారొకరు, చల్లార్చి పొట్లాలు కట్టేవారొకరు ఉన్న ఇంట్లోనే ఈ పద్ధతి నాలుగు నెలలు దాటి నిలుస్తుంది. మొదటిసారి ముప్పై పూటలకు ఎగబాకకుండా, రోజూ వండే పప్పునో గ్రేవీనో రెట్టింపు చేసి సగం దాచడంతో మొదలుపెట్టడం నయం.

కరెంటు పోయినప్పుడు

నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంటే దాదాపు 48 గంటలు చలి నిలుపుతుంది, సగం నిండినది 24 గంటలు. కింది ఫ్రిజ్ అరకు నాలుగు గంటలే. ఖాళీగా ఉన్న చోటును నీళ్ల సీసాలతో నింపడం అందుకే. ఆ సీసాల్లోనూ పైన ఖాళీ వదలాలి. మామూలు వేసవి కోతలకు ఈ గడువు చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకాక రోజుల తరబడి కరెంటు రాని పరిస్థితి వంటిదానికి చాలదు. తుపాను హెచ్చరిక వచ్చిన ఇంట్లో మాంసం, చేపలు ముందు వండి తినేయాలి.

ఇల్లు విడిచి వెళ్లేటప్పుడు ఒక గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, ఆ మంచు మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచుతారు. తిరిగి వచ్చేసరికి బిళ్ల మీదనే ఉంటే సరుకు కరగలేదు. మంచు లోపలికో గిన్నె అడుక్కో దిగి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. కరెంటు వచ్చాక పొట్లంలో ఇంకా మంచు పలుకులు ఉన్నా, 4 డిగ్రీలు దాటకుండా ఉన్నా తిరిగి గడ్డకట్టించవచ్చు. రుచి కొంత తగ్గుతుంది. ఆ వేడిమి దాటి రెండు గంటలకు పైగా ఉన్న వండిన పదార్థాన్ని, మాంసాన్ని వాసన చూసి, నాలుక్కి రాసుకుని తేల్చుకోకూడదు. విషం చేరిన ఆహారానికి వాసన మారాలని లేదు. అలాంటి పొట్లాన్ని పారేయాలి.